కొలువునకు ఒప్పుకొనక మునుపు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



విరాటపర్వము చదివినవారెల్లరు ధౌమ్యుని బోధను జ్ఞప్తి యందుంచుకొందురు. రాజు కొలువున ఎట్లు మెలగవలెను, ఎచ్చట కూర్చుండవలెను, ఎంత మాటాడవలెను అను సంగతులను ఆ పురోహితుడు పాండవులకు చెప్పును. మనుమసిద్ధి యొద్ద మంత్రిగా నుండి కొలువు మంచిచెడ్డలు కన్నులార చూచిన తిక్కన సోమయాజి ఆ ఘట్టమును ఎంత యనుభవముతో వ్రాసెనో తెలియనిది కాదు. కాని ధౌమ్యుడు నోరు విప్పుటకు ముందే మఱొక చర్చ జరిగినది. దానిని పాఠకులు త్వరగా దాటిపోవుదురు. ఏ రాజ్యమున దాగవలెనని ధర్మజుడు తమ్ముల నడుగును. అర్జునుడు కొన్ని దేశముల పేర్లు చెప్పును. వానిలో మత్స్యదేశమునే ధర్మజుడు ఏరుకొనును. ఏల? విరాటుడు బలవంతుడు, ధర్మపరుడు, దాత, వయసు చెల్లినవాడు, పాండవులయెడ ప్రీతి గలవాడు. ఇన్ని సంగతులు విచారించిన పిమ్మటనే వలలుడెవరు, బృహన్నల యెవరు అను ప్రశ్న పుట్టినది. ముందు రాజు, తరువాత వేషము. నేటి యువకులు పెక్కుమంది వేషము నిశ్చయించుకొని, రాజు సంగతి జీతము రాని నెలలో విచారించుచున్నారు.

నేటి ప్రసంగవిషయము ఇదియే. క్రొత్తగా పుట్టిన స్టార్టప్ సంస్థలో అమ్మకముల ఉద్యోగము, అందులోను మొదటి యుద్యోగిగానో రెండవవానిగానో చేరుటకు పిలుపు వచ్చినచో, ఒప్పుకొనుటకు ముందు చూడవలసిన దేమి?

స్టార్టప్ అను మాట ఇప్పుడు పల్లెలకు క్రొత్తది కాదు. 2015 లో హైదరాబాదున టీ-హబ్ వెలసినది. 2016 జనవరి 16 న కేంద్ర ప్రభుత్వము స్టార్టప్ ఇండియా పథకమును ప్రారంభించినది. ఇంతవరకు లేని వస్తువునో, ఉన్నదానినే వేఱొక రీతినో ప్రజలకిచ్చి, పరుల పెట్టుబడితో త్వరితముగా పెరుగజూచు సంస్థకు ఈ పేరు చెల్లుచున్నది. ప్రభుత్వపు గుర్తింపు పత్రమున్నంత మాత్రమున దాని పెట్టెలో డబ్బున్నదని భావింపరాదు. ఆ పత్రము పుట్టుకను చెప్పును గాని ఆయువును చెప్పదు.

సంతలో బెల్లమమ్మువాడు బెల్లమనగా నేమో ఎవరికిని చెప్పనక్కఱలేదు. ధర యూరంతయు ఎఱుగును. కొనువాడు తానై వచ్చును. స్టార్టప్ మొదటి యమ్మకందారు పని అట్టిది కాదు. అతడమ్ము వస్తువు అక్కఱయే యని కొనువానికి ఇంకను తోచలేదు. ధర యింత యని యజమానులకే నిశ్చయము లేదు. ఎవరు కొందురో, ఎన్నాళ్లకు కొందురో, కొన్న పిదప మఱుసటి యేడు మరల కొందురో లేదో, ఈ సంగతులు కనుగొనుటయే అతని పని. కావున ఈ కొలువును జీతమును బట్టి మాత్రమే తూచినచో త్రాసు తప్పు చూపును.

మొట్టమొదట విచారింపవలసిన దేమనగా, స్థాపకులు తామై ఎవరికైనను అమ్మిరా? ఈ విషయమున తెలుగువారి కథ యొకటి చెప్పుకొనదగినది. 2005 దీపావళికి బెంగుళూరు నుండి స్వస్థలమునకు బస్సు టిక్కెట్టు దొరకని ఫణీంద్ర సామ, స్నేహితులతో కూడి 2006 లో రెడ్‌బస్ స్థాపించెను. ఆ స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు. బస్సుల యజమానులకు సాఫ్ట్‌వేరు ఇత్తుమని తిరిగినప్పుడు వారికి ఆదరణ దొరకలేదు. అప్పుడు తామే సీట్లమ్మిపెట్టుదుమని బేరము మార్చుకొనిరి. మొదట ఒక యజమాని యిచ్చినవి ఐదు సీట్లు. ఆ సంస్థను 2013 లో ఇబిబో వారు కొనిరి. ఐదు సీట్ల నాడు ట్రావెల్సు కార్యాలయముల మెట్లెక్కినది స్థాపకులే గాని జీతగాడు కాడు. ఎవరికేమి కావలెనో వారు చెవులార వినిరి. విని బేరము మార్చిరి. ఆ పని జీతగానికి అప్పగించినచో, అతడు మాఱుమాట చెప్పినను యజమాని నమ్మడు. అమ్మకము చేతకానివాడని యనును.

ఫ్లిప్‌కార్ట్ కథయు అట్టిదే. 2007 లో ఆరంభమైన ఆ సంస్థ స్థాపకులిద్దరును బెంగుళూరు పుస్తకాల దుకాణము వాకిట నిలిచి, వచ్చిపోవు వారికి పుటగుర్తు కాగితములు పంచిరి. వారికి వచ్చిన మొదటి యార్డరు మహబూబునగరము నుండి. కోరిన పుస్తకము జాన్ వుడ్ వ్రాసిన ‘లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు చేంజ్ ది వరల్డ్’. దానికై వారు దుకాణములు గాలింపవలసి వచ్చెను. గ్రంథాలయ సభలో నున్నాము గనుక ఒక్క మాట: ఆ పుస్తకము, పెద్ద యుద్యోగము విడిచి పేద దేశముల బడులలో గ్రంథాలయములు నెలకొల్పిన వ్యక్తి తన కథ తాను చెప్పుకొన్నది. తెలుగునాట నొక పాఠకుడు దానిని కోరుటతో అంతటి వ్యాపారము మొదలైనదన్న సంగతి గ్రంథాలయాభిమానులకు ముచ్చట గొల్పకమానదు.

ఇక ఉదాహరణ యొకటి కల్పించుకొందము. గుంటూరు చేరువ నొక పల్లెకు చెందిన యువకుడు. మందుల కంపెనీలో ప్రతినిధిగా నాలుగేండ్ల నాలుగు నెలలు పనిచేసినాడు. చేతికి నెలకు 30,000 రూపాయలు. తిరుగుడు ఖర్చు కంపెనీదే. భవిష్యనిధికి కంపెనీ వంతు 1,800. ఇంటికి 12,000 పంపవలెను. తండ్రి చేసిన అప్పుకు వాయిదా 9,000. మిరపకాయల శీతల గిడ్డంగులకు బస్తాల లెక్కలు వ్రాయు సాఫ్ట్‌వేరు చేసిన స్టార్టప్ నుండి అతనికి ఫిబ్రవరిలో పిలుపు వచ్చినది. స్థిరవేతనము 20,000. గిడ్డంగి యొకటికి సంవత్సర చందా 60,000. అందులో నూటికి 8 చొప్పున కమీషను. నెలకు ఐదు గిడ్డంగులు లక్ష్యము. కొన్ని షేర్లు కూడ నిత్తుమనిరి. ఉత్తరమున మాత్రము ‘నెలకు 44,000 వఱకు’ అని పెద్ద యక్షరములలో ఉన్నది.

‘వఱకు’ అను మాట పద్దులో వ్రాయునది కాదు. లెక్క వేయుదము. ఒక గిడ్డంగికి కమీషను 4,800. ఐదింటికి 24,000. స్థిరవేతనముతో కలిపిన 44,000 సరియే. కాని ఉన్న కొలువుతో సమానము కావలెనన్న ఎన్ని యమ్మవలెను? జీతములో తగ్గినది 10,000. సిబ్బంది ఇరువదిమంది లేని సంస్థకు భవిష్యనిధి నిర్బంధము కాదు గనుక పోవు వంతు 1,800. పెట్రోలు సంగతి తరువాత చూతమనిరి; దానికి 4,000. మొత్తము 15,800. మూడు గిడ్డంగులమ్మినను 14,400 మాత్రమే వచ్చును. నెలనెల నాలుగమ్మినగాని ఉన్నచోటనే యున్నట్లు కాదు. ఒక్కటియు అమ్మని నెలలో స్థిరవేతనము 20,000, ఇంటి ఖర్చు అప్పు వాయిదా కలిసి 21,000. తన తిండి, గది యద్దె ఇంకను లెక్కకు రానే లేదు.

నెలకు నాలుగు సాధ్యమా యని తెలియుటకు జ్యోతిష్యమక్కఱలేదు. స్థాపకులు ఇంతవరకు అమ్మినవి చూచిన చాలును. పది నెలలలో ఆరు గిడ్డంగులు. అందు నాలుగు చుట్టములవి, పరిచితులవి. పరాయివారికి పది నెలలలో అమ్మినవి రెండు. వస్తువు పుట్టించిన వారే, పూర్తి యధికారము గలవారే, పది నెలలలో రెండమ్మినచోట, క్రొత్తవాడు నెలకైదు అమ్మునని వ్రాసినది లక్ష్యము కాదు, కోరిక. కోరిక తప్పు కాదు; దానిని మరియొకని జీతమునకు ముడివేయుట తప్పు.

ఇంతకన్న ముఖ్యమైనది కాలము. మిరప పంట యెవరికి తెలియదు? జనవరి చివరనుండి వేసవి వఱకు కాయ గిడ్డంగులకు చేరుచుండును. అప్పుడు యజమానికి బస్తాలు దింపించుట, రసీదులు వ్రాయించుట తప్ప తల యెత్తుటకు తీరికయుండదు. నడుమ లెక్కల పద్ధతి మార్చుకొనుట కెవరును ఒప్పరు. మార్చవలెనన్న ఆలోచన వచ్చునది సరుకు కదలి, క్రొత్త పంటకు సిద్ధపడు అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు. కావున ఈ వస్తువునకు నెలసరి లక్ష్యమే అసంగతము. ఫిబ్రవరిలో చేరిన యువకుడు ఎనిమిది నెలలు దున్నుటయే గాని కోయుట లేదు. ఏ వస్తువునకైనను కొనుకాలమొకటి యుండును. బడులకు వేసవి, ఆసుపత్రులకు బడ్జెటు, రైతుకు పంట చేతికి వచ్చిన నెల. దాని నెఱుగని లక్ష్యపత్రమును వ్రాసినవారు ఆ వ్యాపారము నెఱుగరని గ్రహింపవచ్చును.

పిమ్మట బొక్కసము. ఈ ప్రశ్న అడుగుటకు యువకులు సంకోచింతురు; యజమాని పెట్టె తడవినట్లగునని వారి భయము. అది పొరపాటు. బ్యాంకులో ఎంత యున్నది, నెలకెంత పోవుచున్నది, ఎంత వచ్చుచున్నది అను మూడంకెలు తెలియనిదే ఈ కొలువును తూచుట యసాధ్యము. మన యుదాహరణలో నిలువ 48 లక్షలు. నెల ఖర్చు 6 లక్షలు. ఆరు గిడ్డంగుల చందా నెలకు పంచిన 30,000. యువకుడు చేరినచో అతని జీతము, కమీషను, ఇతరములు మఱొక 30,000. రాబడి అతని ఖర్చునకు సరిపోయినది. మిగిలినది నెలకు 6 లక్షల తరుగు. 48 ని 6 చేత భాగించిన ఎనిమిది. ఫిబ్రవరి మొదలు ఎనిమిది నెలలన్న సెప్టెంబరు ముగియుట. గిడ్డంగుల యజమానులు సాఫ్ట్‌వేరు మాట వినిపించుకొను అక్టోబరు వచ్చుసరికి బ్యాంకులో నిలువ శూన్యము.

ఈ సంగతిని స్థాపకుల ముందుంచినప్పుడు వారేమందురో అదియే విరాటుని పరీక్ష. ‘మఱొక పెట్టుబడిదారుడు మాట యిచ్చినాడు’ అనవచ్చును. మాట యిచ్చుట వేఱు, ఖాతాలో జమపడుట వేఱు. ‘మీ రడిగినది నిజమే, మేము కూడ ఆ సంగతియే ఆలోచించుచున్నాము’ అని కాగితము తీసి చూపువారు ఉందురు. అట్టివారి యొద్ద కొంత కష్టపడినను తప్పు లేదు. ‘ఇంత యనుమానము గలవాడు స్టార్టప్‌నకు పనికిరాడు’ అని నవ్వువారును ఉందురు. వారికి దూరముగా నుండుట మేలు; ఈ రోజు లెక్క యడిగినందుకు నవ్విన వారు, రేపు కమీషను లెక్క యడిగినప్పుడు నవ్వరని నమ్మకమేమి? స్థాపకుల మాటలతోనే తృప్తిపడ నవసరము లేదు. కంపెనీల రిజిస్ట్రారు వద్ద దాఖలైన పత్రములను కేంద్ర ప్రభుత్వ కార్పొరేటు వ్యవహారముల మంత్రిత్వశాఖ వెబ్‌సైటులో స్వల్ప రుసుము చెల్లించి ఎవరైనను చూడవచ్చును. డైరెక్టర్లెవరు, ఆస్తి మీద తనఖా యున్నదా, వార్షిక లెక్కలు దాఖలు చేసినారా అన్నవి అందు తెలియును. మునుపు అదే పనికి ఎవరైన చేరి మానుకొనిరా యని విచారించి, అట్టివానితో ఒక గంట మాటాడిన, పత్రములు చెప్పనిది కూడ తెలియగలదు.

పెద్ద విలువ కట్టబడిన సంస్థ అని విని మురియరాదు. బైజూస్ సంస్థకు 2022 లో 2,200 కోట్ల డాలర్ల విలువ కట్టిరి; 2024 జులైలో దానిపై దివాలా ప్రక్రియకు కంపెనీ లా ట్రిబ్యునలు అనుమతించినది. విలువ యనునది ఒక నాడు ఒక పెట్టుబడిదారుడు కొన్ని షేర్లకిచ్చిన ధరను బట్టి మొత్తమునకు వేసిన గుణకారము. ఆ సొమ్మంతయు ఎచ్చటను మూటగట్టి లేదు.

షేర్ల సంగతియు ఇందే చెప్పవలెను. పంచతంత్రమున అయిదవ తంత్రమునకు అపరీక్షితకారకమని పేరు. పరీక్షింపక చేసిన పనులని యర్థము. పేలపిండి కుండ క్రింద పడుకొని, పిండి యమ్మి మేకలు, మేకలమ్మి ఆవులు కొని, చివరకు కుండ తన్ని పగులగొట్టుకొన్న బ్రాహ్మణుని కథ అందులోనిదే. ఉద్యోగికిచ్చు షేర్ల హక్కును అంత హేళన చేయుట న్యాయము కాదు. వానివలన నిజముగా ధనవంతులైనవారు కలరు. కాని కుండలో పిండి యెంతయో చూడవలెను గదా. 2,000 షేర్లనగానే లాభము లేదు. మొత్తమెన్ని యని యడుగవలెను. మొత్తము 10 లక్షలైనచో, నూటికి 0.2 వంతు. క్రొత్త పెట్టుబడి వచ్చినప్పుడెల్ల ఆ వంతు పలుచనగును. చట్టపు నిబంధనల ప్రకారము హక్కు నిచ్చిన నాటినుండి కనీస మొక సంవత్సరమైనను గడువనిదే అది చేతికి రాదు. సామాన్యముగా నాలుగేండ్లకు విస్తరింతురు. ఉద్యోగము విడిచిన పిమ్మట ఎన్ని దినములలో డబ్బు కట్టి షేర్లు తీసికొనవలెనో, తీసికొననిచో ఏమగునో అడుగవలెను. షేర్లు తీసికొన్న నాడు, కట్టిన ధరకును నాటి విలువకును గల భేదము జీతములో భాగముగా నెంచబడి పన్నుకు గుఱియగును. చేతికి పైకము రాకున్నను పన్ను వచ్చి నిలుచును. సంస్థ తక్కువ ధరకు అమ్ముడుపోయినచో ముందుగా తీసికొను హక్కు పెట్టుబడిదారులకు వ్రాసియుండుట పరిపాటి. ఉద్యోగి వంతు ఆ పిమ్మటనే. కాబట్టి షేర్లను ఇంటి ఖర్చు లెక్కలో చూపక, వస్తే వచ్చినవాని క్రింద వేఱుగా వ్రాసికొనుట మేలు. నోటిమాట షేర్లకు ఆ వేఱు పుటలో గూడ చోటు లేదు.

ఒడంబడిక కాగితమును గూర్చి యువకులు తక్కువగా చదువుదురు. కమీషను ఆర్డరు వచ్చినప్పుడా, సొమ్ము ముట్టినప్పుడా? మఱుసటి యేడు అదే గిడ్డంగి చందా కట్టినచో కమీషను గలదా? యువకుడు తిరిగి తిరిగి ఒప్పించిన గిడ్డంగి, అతడు మానిన పది దినములకు డబ్బు కట్టినచో ఆ కమీషనెవరిది? జగడములన్నియు ఈ మూడు ప్రశ్నలలోనే పుట్టును. ఉద్యోగము మానిన పిదప రెండేండ్లు ఇట్టి వ్యాపారమున చేరరాదని వ్రాయుదురు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 27 వ సెక్షను అట్టి నిర్బంధమును చెల్లనిదిగా నెంచును. అంతమాత్రమున కాగితములోని నిబంధన లన్నియు చెల్లవని ధీమాగా సంతకము చేయరాదు. మూడేండ్లు నిండక ముందే మానినచో 2 లక్షల రూపాయలు కట్టవలెనని ఒక ప్రభుత్వరంగ బ్యాంకు వ్రాయించుకొన్న షరతును సుప్రీం కోర్టు 2025 లో సమర్థించినది.

ఈ లెక్కలకన్న విలువైన పరీక్ష యొకటి యున్నది; దానికి ఖర్చు రెండాదివారములు మాత్రమే. ఒప్పుకొనక ముందే స్థాపకునితో కూడి రెండు మూడు గిడ్డంగులకు పోయి, మాటాడక కూర్చుండుట. మన యువకుడు అట్లు పోయినాడనుకొందము. యజమాని సాఫ్ట్‌వేరు చూచి బాగున్నదనును. ‘మా గుమాస్తా నడిగి చెప్పెదను’ అనును. గుమాస్తా కాఫీ తెప్పించును. మంచి మాటలే యాడును. నిర్ణయము మాత్రము వాయిదా పడును. ఇరువది యేండ్లుగా ఏ రైతు బస్తా ఏ గదిలో ఏ వరుసలో నున్నదో తన తలలో నుంచుకొన్నవాడు, ఆ తలను యంత్రమునకు అప్పగించుటకు ఎట్లు సంతోషించును? యజమాని యొద్ద అతనికి గల గౌరవమంతయు అందే యున్నది. స్థాపకుడు రెండు గంటలు యజమానితో మాటాడి, గుమాస్తా పేరైనను అడుగక తిరిగివచ్చినచో, పది నెలలలో రెండే ఏల అమ్ముడైనవో యువకునికి బోధపడినట్లే. ఆ సంగతి దారిలో స్థాపకునితో చెప్పవలెను. అతడు బండి నాపి, ‘ఇంకొకసారి చెప్పుము’ అని యడిగెనా, ఆ సంస్థకు ఆశ గలదు. ‘అమ్ముట నీ పని, వస్తువు సంగతి మాకు విడువుము’ అనెనా, ఇంటికి బస్సెక్కవచ్చును.

ఇట్టి కొలువులన్నిటిని వలదనుట ఈ ప్రసంగోద్దేశము కాదు. ఇరువదియైదేండ్ల వయసున, అప్పులేని యింట పుట్టి, ఒక యేడు జీతము తక్కువైనను నిలువగలవానికి ఇంతకు మించిన బడి లేదు. స్థాపకుని ప్రక్కనే కూర్చుండి ధర నిర్ణయించుట, వస్తువు మార్పించుట, వద్దన్నవాని మనసు చదువుట పెద్ద కంపెనీలలో పదేండ్లకును దొరకవు. వారసత్వపు భూమి లేనివానికి అట్టి విద్యయే భూమి. కాని వెల చెల్లించువాడు తానొక్కడేనా, తల్లిదండ్రులు కూడనా అన్నది ఎవరింటి లెక్క వారు వేసికొనవలెను.

మన యువకుడు స్థాపకులకు వ్రాయదగిన ప్రత్యుత్తర మిది. చేరుట అక్టోబరు మొదట. అప్పటికి ఉన్న కొలువున ఐదేండ్లు నిండి గ్రాట్యుటీ హక్కు చేతికి వచ్చును. గిడ్డంగుల వారు చెవియొగ్గు కాలమును అదియే. స్థిరవేతనము మొదటి యేడు 28,000; బదులుగా కమీషను నూటికి 8 నుండి 6 కు తగ్గించినను సమ్మతమే. పెట్రోలు సంస్థదే. లక్ష్యము నెలకు కాక సంవత్సరమునకు. క్రొత్త పెట్టుబడి బ్యాంకులో జమయైన పిమ్మటనే నియామక పత్రము. ఇందులో ఏదియు దురాశ కాదు. స్థాపకులకును ఎనిమిది నెలల జీతము మిగులును. వారొప్పుకొనినచో సెప్టెంబరులో, సంతకమైన పత్రము చేతికి వచ్చిన తరువాతనే, పాత కొలువునకు రాజీనామా. విడుదల పత్రము, అనుభవ పత్రము అప్పుడే తీసికొనవలెను; భవిష్యనిధి ఖాతాను వాడుక చేయక అట్లే యుంచవలెను. ఈలోపల ఇంటి ఖర్చు అప్పు వాయిదా ఆరు నెలలకు సరిపోవు 1,26,000 రూపాయలు తల్లి పేరనో తండ్రి పేరనో వేయవలెను. బ్యాంకు వాయిదా ఎవరు ఏ కొలువున నున్నను ప్రతి నెల ఐదవ తేదీనే వచ్చును.